వారం అడిగి వడ్డించిన ఊరు

కామారెడ్డి బస్టాండులో బస్సు పావుగంట ఆగింది. పక్క సీటాయన దిగివెళ్లి మిర్చి బజ్జీల పొట్లంతో తిరిగొచ్చాడు. మర్యాదకు నాకూ ఒకటి అందించి, ఎక్కడిదాకా అని అడిగాడు. డిచ్‌పల్లి అన్నాను. చుట్టాలున్నారా, యూనివర్సిటీలో పనా అన్నాడు. అక్కడి చిన్న హోటళ్లలో తిని చూద్దామని బయల్దేరానని చెప్పాను. అప్పటికే రెండు గంటలకు పైగా కూర్చుని నడుము పట్టేసింది. వేరే కారణం కల్పించే ఓపిక లేకపోయింది.

“గట్లయితే డిచ్‌పల్లిల ఏముంటది సార్? ఇంకింత ముందుకు అంకాపూర్ పోవాలె. దేశీ కోడి. ఫోన్ జేసి చెప్తే కోసి, మసాలా నూరి, అన్నంతోటి పార్సిల్ కట్టిస్తరు.”

నీసు తిననని చెప్పాను. ఆయన నన్ను కాసేపు జాలిగా చూశాడు. “పెరుగన్నం దొరుకుతది తియ్యి” అని ఓదార్చాడు. ఇంకో బజ్జీ తిన్నాక, “ఇయ్యాల మంగళారం గద, నేను గూడ ముట్ట” అన్నాడు.

హైదరాబాదులోనూ ఇదే మాట విన్నాను. నిజామాబాద్‌లో పెరిగిన మిత్రుడొకడు, అటు వెళ్తే అరటిపళ్లు వెంట తీసుకెళ్లమన్నాడు. వాళ్ల తప్పేమీ లేదు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన నమూనా సర్వేలో, పదిహేనేళ్లు దాటిన తెలంగాణ వాళ్లలో 98.7 శాతం మంది మాంసాహారులని తేలింది. దేశంలో మరే రాష్ట్రానికీ అంత శాతం రాలేదు. ఆ లెక్కన ఈ బస్సు నిండా జనం ఉన్నా, నాలాంటివాడు ఇంకొకడు ఉంటే అదే గొప్ప.

ఇందల్వాయి దగ్గర రోడ్డుకు రెండు పక్కలా అడవి కొంతదూరం కనిపించి పోయింది. మార్చి నెల కావడంతో చెట్లు ఆకులు రాల్చి ఉన్నాయి. టోల్ దాటిన కాసేపటికే కండక్టరు డిచ్‌పల్లి అని కేకేశాడు. హైదరాబాదు నుంచి నూటఅరవై కిలోమీటర్ల చిల్లర. ఇక్కడ హైవే తిన్నగా ఆర్మూర్, నిర్మల్ వైపు వెళ్లిపోతే, నిజామాబాద్ రోడ్డు ఎడమకు చీలింది. ఆ రోడ్డున ఇంకో పదిహేను కిలోమీటర్లు పోతే జిల్లా కేంద్రం. నేను దిగిన చోట లారీలు, షేర్ ఆటోలు, చెరుకురసం బండ్లు తప్ప ఊరు కనపడలేదు.

ఊరు ఉంది, కానీ విడివిడిగా ఉంది. రైల్వే స్టేషను ఒక పక్క. పోలీసు బెటాలియన్ ఒక పక్క. 2006లో వచ్చిన విశ్వవిద్యాలయం నిజామాబాద్ రోడ్డు మీద ఇంకొంచెం లోపలికి. కుష్ఠురోగుల కోసం బ్రిటిష్ మిషనరీలు వందేళ్ల కిందట కట్టిన ఆసుపత్రి మరో దిక్కున. ఇక్కడి హోటళ్లలో ఎవరు తింటారన్న ప్రశ్నకు ఈ నాలుగూ, హైవేనే జవాబు. సొంత ఊరివాళ్లు ఇంట్లో తింటారు. హోటల్లో తినేది డ్యూటీ మీద వచ్చినవాడు, చదువుకు వచ్చినవాడు, రోగి వెంట వచ్చినవాడు, లారీ ఆపినవాడు.

మంచి టిఫిన్ ఎక్కడ దొరుకుతుందని ఆటో అతన్ని అడిగాను. తడుముకోలేదు. “ఉడిపి హోటల్ సార్. ముప్పై ఏండ్ల సంది ఉన్నది. ప్యూర్ వెజ్. ఉల్లిగడ్డ గూడ వెయ్యరు అంటరు.” ఇరవై రూపాయలు తీసుకుని అక్కడ దింపాడు.

రేకుల షెడ్డు, ముందు నాలుగు బల్లలు, లోపల ఆరు. బోర్డు మీద రంగు వెలిసిపోయింది గానీ ‘ప్యూర్ వెజ్’ అన్న అక్షరాలు మాత్రం కొత్తగా దిద్దించారు. పదకొండు కావస్తోంది. ఇడ్లీలు అయిపోయాయన్నారు. పూరీ, మైసూర్ బోండా, పెసరట్టు ఉన్నాయన్నారు. పెసరట్టు చెప్పాను. ఉల్లిపాయ వేయాలా వద్దా అని సర్వర్ కుర్రాడు అడిగాడు. వేయమన్నాను. పెసరట్టుతో పాటు అల్లం చట్నీ, పల్లీ చట్నీ వచ్చాయి. అల్లం చట్నీలో బెల్లం సరిగ్గా పడింది. అక్కడితో నా అనుమానం మొదలైంది. ఉడిపి వాళ్ల చేతి వంట ఇలా ఉండదు. ఇది కృష్ణా గట్టు రుచి.

కౌంటర్లో కూర్చున్నాయన ఒప్పుకున్నాడు. ఉడిపితో ఆయనకు సంబంధం లేదు. దక్షిణ కర్ణాటక తీరం నుంచి వచ్చిన వంటవాళ్లు పోయిన శతాబ్దంలో దక్షిణాది పట్టణాలన్నింట్లో హోటళ్లు పెట్టారు కాబట్టి, శాకాహార టిఫిన్ హోటల్ అంటే ఆ పేరు పెట్టడం అలవాటైపోయింది. వీళ్ల నాన్న ఎవరి దగ్గరో హోటల్ కొన్నప్పుడే ఆ పేరు ఉందట. అమ్మినాయన ఉడిపి మనిషో కాదో ఈయనకు గుర్తు లేదు, నాకు తెలుసుకునే దారి దొరకలేదు. తాతగారు మాత్రం కృష్ణా జిల్లా నుంచి బోధన్ వైపు వచ్చాడట.

ఇందులో నమ్మకపోవడానికి ఏమీ లేదు. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువల కింద భూములు తడిశాయి. వరి, చెరుకు పండించడం వచ్చిన కోస్తా రైతులు కుటుంబాలతో వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. వాళ్లు దిగిన చోట్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. జిల్లాలో జొన్నరొట్టె, గటక తిన్న నోళ్లకు పెసరట్టు అలవాటైన కథలో కాలువ నీళ్లకూ వాటా ఉంది. ఆ కథ బోర్డు మీద రాయడం కుదరదు కాబట్టి ఉడిపి అని రాశారు.

“కూరల్లో పసుపు మా దగ్గర ప్రత్యేకం అండి” అన్నాడాయన, నేను బిల్లు కడుతుంటే. “ఆర్మూర్ పసుపు. వేరేది వాడం.”

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాను. నీళ్ల డ్రమ్ము పక్కన చెక్క అలమర. అందులో కారం, ధనియాల పొడి డబ్బాల సరసన పసుపు పాకెట్లు వరుసగా ఉన్నాయి. ఊరూరా కిరాణా కొట్లో దొరికే రకమే. వెనక అచ్చేసిన చిరునామా మహారాష్ట్రది. అలమర పక్కన సగం తెరిచిన తలుపు, దాని అవతల ఇంకో వంటగది, అక్కడ కోడిగుడ్ల అట్టలు నడుము ఎత్తున పేర్చి ఉన్నాయి. అది తమ్ముడి దుకాణమట, సాయంత్రం తెరుస్తారట. మధ్యలో తలుపు ఎందుకని నేను అడగలేదు.

ఎండ పెరగకముందే గుట్టెక్కాలని రామాలయానికి వెళ్లాను. 105 మెట్లున్నాయని కింద కొబ్బరికాయలమ్మే ఆవిడ చెప్పింది. కాకతీయుల పద్ధతిలో 14వ శతాబ్దంలో కట్టిన గుడి అంటారు. నల్లరాయి, తెల్లరాయి కలిసిన కట్టడం, బయటి గోడల మీద దట్టంగా శిల్పాలు. దీన్ని ‘ఇందూరు ఖజురహో’ అని పిలవడం ఎప్పుడు మొదలైందో గానీ, ఆ పేరు గుడికి మేలు చేసిందని నేననుకోను. నిజామాబాద్ నుంచి బైకు మీద వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు గోడల చుట్టూ చాలాసేపు తిరిగి, పూజారిని అడగలేక, “అన్నా, అవి ఎటు దిక్కున్నయి?” అని నన్ను అడిగారు. చూపించాను. ఇంతేనా అన్నట్టు ముఖాలు పెట్టారు. తలుపు చుట్టూ చెక్కిన లతలను, పైకప్పు రాళ్లను వాళ్లు చూడనే లేదు.

ఎవరో మొక్కు తీర్చుకుంటూ పులిహోర పంచుతున్నారు. ఆకు దొన్నెలో పెట్టిచ్చారు. వేరుశనగలు కాస్త మాడాయి, చింతపండు ఎక్కువైంది, అయినా రెండోసారి చేయి చాపాను. ఆ రోజు నేను తిన్నవాటిలో వెజ్ అని ఎవరూ చెప్పనిదీ, నేను అడగనిదీ అదొక్కటే.

మెట్ల కింద నలుగురైదుగురు యువకులు కాషాయ లుంగీలు కట్టుకుని, మెడలో మాలలతో కూర్చుని ఉన్నారు. హనుమాన్ దీక్షలో ఉన్నారు. చైత్ర పౌర్ణమికి కొండగట్టు వెళ్లి మాల తీస్తామన్నారు. చాయ్ బండి దగ్గరకు వచ్చినప్పుడు ఒక్కొక్కరూ తమ సంచిలోంచి స్టీలు గ్లాసు తీశారు. బండతను వాటిలోనే పోశాడు. పాలు, పంచదార, అల్లం అందరికీ ఒక గిన్నెలోవే. మా గ్లాసులు మాత్రం పెట్టెలో, వాళ్ల గ్లాసులు సంచుల్లో. ఈ మండలం రోజులూ బయట అన్నం తినరని, చాయ్ మాత్రం ఆపలేకపోతున్నామని ఒకతను నవ్వుతూ చెప్పాడు. బస్సులో ఉదయం విన్న “ఇయ్యాల మంగళారం” మాటకు సరైన అర్థం నాకు మధ్యాహ్నం మెస్సులో తెలిసింది.

మెస్సు నిజామాబాద్ రోడ్డు మీద, యూనివర్సిటీకి ఇవతల. ఇంటి ముందు వరండాకు రేకులు దింపి మెస్సు చేశారు. బోర్డు లేదు. పలకమీద సుద్దతో ‘భోజనం 80, రొట్టె 15’ అని రాసి ఉంది. హాస్టలు పిల్లలు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక లెక్చరర్ ఉన్నారు. నడిపేది నలభై దాటిన ఆవిడ. అందరూ అక్కా అని పిలుస్తుంటే నేనూ అక్కా అనే పిలిచాను, వయసులో నాకంటే చిన్నదే అయినా.

కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, “వారం ఏమన్న పడతరా సార్?”

ఏ వారమూ నీసు తిననని చెప్పాను. ఆవిడకు అది జవాబుగా తోచలేదు. అంటే ఏ దేవుడికి అని మళ్లీ అడిగింది. ఊరికే తిననన్నాను. “మాల లేదు, వారం లేదు, ఊకెనే తినరా?” అని వంటింటి వైపు తిరిగి ఎవరికో చెప్పింది. లోపలి నుంచి ఒక ముసలావిడ తొంగి చూసింది.

అన్నం, పప్పు, పుంటికూర, ఆలుగడ్డ వేపుడు, పచ్చిపులుసు వచ్చాయి. పచ్చిపులుసు గురించి రెండు మాటలు చెప్పాలి. దీన్ని ఉడికించరు. చింతపండు రసం చిక్కగా తీసి, చన్నీళ్లు కలిపి, పచ్చిమిరప, ఉల్లిగడ్డ చేత్తో నలిపి వేస్తారు. వేయించిన నువ్వుల పొడి, చిటికెడు బెల్లం, పైన తాలింపు. మార్చి ఎండలో నాలుగు గంటల బస్సు ప్రయాణం తర్వాత దానిముందు ఏ సాంబారూ నిలవదు. మూడుసార్లు పోయించుకున్నాను. పప్పులో ఎల్లిగడ్డ దండిగా పడింది. ఆలుగడ్డ మామూలే.

తింటూ ఆవిడ లెక్క విన్నాను. సోమవారం శివుడికి, మంగళవారం హనుమంతుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకటేశ్వరుడికి. కొందరు శుక్రవారం లక్ష్మికి కూడా పడతారు. మాసాలు వేరే, శ్రావణం, కార్తీకం. ఏకాదశులు వేరే. ఇవన్నీ తీసేస్తే కోడికి నిలకడగా మిగిలేవి బుధవారం, ఆదివారం. అందరూ అన్నీ పట్టరు. ఒక బెంచీ మీద నలుగురు కూర్చుంటే నలుగురి వారాలూ నాలుగు రకాలు. ఎవరికి ఏ వారమో ఆవిడకు నోటికి వచ్చు. నా పక్క బల్ల మీద కానిస్టేబుల్ చేయి కడుక్కోకముందే అతని పళ్లెంలో గుడ్డు లేకుండా వడ్డించింది. అతను కిందటి నెలలోనే బదిలీ మీద వచ్చాడట.

“మంగళారం, శనారం కూరగాయలకే పోతది పైసలు. ఆ దినాలు కోడి ఒక్కటి గూడ తేను” అంది.

సర్వే చెప్పిన 98.7లో ఈ కానిస్టేబులూ ఉంటాడు, ఈ అక్కా ఉంటుంది. వారంలో సగం పైగా వాళ్లు తినేది మాత్రం నేను తినే తిండే. ఆ వారాల లెక్క ఆ అంకెలో లేదు. శాకాహారం మనిషికి పుట్టుకతో వచ్చే గుణం అన్నట్టు మాట్లాడే హైదరాబాదు హోటళ్లలో ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. అక్కడ హోటలే వెజ్ అవుతుంది, నాన్‌వెజ్ అవుతుంది. ఇక్కడ రోజు అవుతోంది.

గిన్నెలు కలవవా అని అడిగాను. ఆవిడ నన్ను లోపలికి రమ్మంది. రెండు పొయ్యిలు. కూరగాయల గిన్నెలో వాడే గరిటె పిడికి నీలం దారం చుట్టి ఉంది. “ఈ దారం గరిటె అటు పోదు. అటు గరిటె ఇటు రాదు. మా అత్త కట్టింది” అని ముసలావిడను చూపించింది. నేను అక్కడ నిలబడినంతసేపూ దారం గరిటె పప్పు దగ్గరే ఉంది. రొట్టెల పెనం మాత్రం ఒకటే. దాని అంచున, నీసు వండే వారాల్లో వేసిన ఆమ్లెట్ల గోధుమరంగు మరక ఒకటి గట్టిపడి ఉంది. ఆ పెనం మీదే నాకు ఇంకో జొన్నరొట్టె కాల్చి ఇచ్చారు. తిన్నాను.

మధ్యాహ్నం ఎక్కడైనా పడుకుందామనుకున్నాను. లాడ్జి కోసం నిజామాబాద్ వెళ్లాల్సిందేనన్నారు. సాయంత్రం వరకు ఆగుదామని కొత్తగా పెట్టిన కేఫ్‌లో కూర్చున్నాను. దాని గురించి హాస్టలు పిల్లలే చెప్పారు. “పాత హోటళ్లు మాకు సెట్ గావు సార్. కేఫ్ అయితే కూసోవచ్చు” అన్నాడు ఒకడు. నిజమే. మెస్సులో తిని లేవాలి. కేఫ్‌లో తినకపోయినా కూర్చోవచ్చు.

ఒకే షట్టరు గది. గోడకు కృత్రిమ గడ్డి అంటించారు. తలుపు మీద పాకెట్లపై ఉండే ఆకుపచ్చ చుక్క గుర్తు పెద్దదిగా పెయింటు వేయించారు. మెనూలో పన్నీర్ రోల్, వెజ్ మంచూరియా, చీజ్ శాండ్‌విచ్, మ్యాగీ మూడు రకాలు, కోల్డ్ కాఫీ. యజమాని ముప్పై అయిదేళ్లవాడు. ఈ జిల్లాలో ప్రతి ఊరి నుంచీ ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. ఇతనూ వెళ్లాడు. షార్జాలో ఒక కెఫెటేరియాలో ఏళ్ల తరబడి షావర్మా కోశాడు. తిరిగొచ్చి దాచుకున్న డబ్బుతో ఇది పెట్టాడు.

షావర్మా చేతిలో పని కదా, మరి వెజ్ ఎందుకన్నాను.

“హెల్త్ సార్. ఇప్పుడు స్టూడెంట్లు అందరు హెల్త్ చూస్తున్నరు. అవుట్‌సైడ్ వరల్డ్ మొత్తం వెజ్ దిక్కే పోతున్నది.” చాలా నమ్మకంగా చెప్పాడు. అతను గ్యాస్ సిలిండర్ కోసం బయటికి వెళ్లినప్పుడు, బల్లలు తుడిచే పిల్లాడు అడగకుండానే ఇంకో కారణం చెప్పాడు. బిల్డింగ్ ఓనరు పైన ఉంటాడు. కిరాయి కాగితంలోనే నీసు వండొద్దని రాయించుకున్నాడట. కాగితం నేను చూడలేదు. రెండూ నిజం కావచ్చు.

మెనూలో అన్నిటికంటే పైన ‘గోల్డెన్ లాటే 60’ అని ఉంది. పసుపు పాలు. 2016 ప్రాంతంలో లండన్, న్యూయార్క్ కేఫ్‌లలో పసుపు పాలు ఒక్కసారిగా నాగరికమైన పానీయం అయిపోయాయి. జలుబు చేస్తే నాయనమ్మ ముక్కు మూసి తాగించిన పదార్థమే, మిరియాల పొడితో, నురగతో, తెల్ల పింగాణీ కప్పులో. అక్కడి నుంచి ఆ మాట షార్జాకు వెళ్లి, షార్జా నుంచి డిచ్‌పల్లికి వచ్చింది. దేశంలో పేరున్న పసుపు పండే జిల్లాకు పసుపు పాలు ఇంత చుట్టు తిరిగి రావడం సరదాగానే అనిపించింది. మా దగ్గర ఎక్కువ పోయేది ఇదేనని యజమాని చెప్పాడు. నేను చెప్పి తాగాను. తియ్యగా ఉంది, వేడిగా ఉంది, కమ్మగానే ఉంది. ఆ సాయంత్రం నేను కూర్చున్నంతసేపూ వచ్చిన పిల్లలు మ్యాగీ, కోల్డ్ కాఫీ, మళ్లీ మ్యాగీ అడిగారు. ఇంకెవరూ లాటే చెప్పలేదు. మరీ అలసిపోయినవాళ్లు తాగేదేమో.

పసుపు ఎక్కడిదని అడిగాను. “లోకలే సార్.” కౌంటరు కింద నుంచి పాకెట్ తీసి చూపించాడు. పొద్దున అలమరలో చూసిన రకమే.

ఇది మోసమని నేననను. పసుపు ప్రయాణం అలాంటిది. జూన్‌లో నాటితే ఎనిమిది తొమ్మిది నెలలకు తవ్వుతారు. ఉడకబెడతారు. ఎండలో రెండు వారాలు ఆరబోస్తారు. డ్రమ్ముల్లో వేసి తిప్పి మెరుగు పెడతారు. అప్పుడు కొమ్ము వేరు, గోళా వేరుగా బస్తాలకెత్తి నిజామాబాద్ యార్డుకు తోలుకెళ్తారు. ధర బాగుందని తెలిస్తే లారీ మాట్లాడుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకెళ్లే రైతులూ ఉన్నారు. పొడి చేసే మిల్లులు, పాకెట్లు కట్టే కంపెనీలు ఎక్కువగా అటువైపే. కాబట్టి మహారాష్ట్ర చిరునామా ఉన్న పాకెట్లో ఆర్మూర్ పసుపు ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. తిన్నవాడికి తెలిసే మార్గం లేదు, అమ్మినవాడికీ లేదు.

రాత్రి నిజామాబాద్‌లో లాడ్జి దొరికింది. పడుకున్నాను, అంతకుమించి రాయడానికి ఏమీ లేదు.

మర్నాడు ఆర్మూర్ బస్సెక్కాను. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. రోడ్డు పక్క కళ్లాల్లో పసుపు ఆరబోసి ఉంది. దూరం నుంచి మట్టిరంగు గులకరాళ్ల కుప్పల్లా ఉంది, ఫొటోల్లో చూపించే బంగారు రంగు లేదు. ఆ రంగు విరిస్తేగానీ కనపడదు. పసుపు ఉడికిన వాసన కిటికీలోంచి ఘాటుగా వచ్చింది. ఎండిన జొన్న చేలు కూడా కనిపించాయి, ఎర్ర కంకులతో.

ఆర్మూర్ బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో బెంచీ నిండా రైతులు, హమాలీలు. అటుకుల పోహా, మిర్చి, చాయ్. మరాఠీ నేల దగ్గర కాబట్టి పోహా ఇక్కడి పొద్దుటి తిండిలో కలిసిపోయింది. పైన సేవ్, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క. పదిహేను రూపాయల పళ్లెం. బెంచీ మీది మాటలన్నీ రేటు గురించే. తిండి బాగుందని ఎవరూ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఈ హోటలుకూ బోర్డు మీద వెజ్ అని లేదు. వంటకం ఏదీ కోడి కాదు, గుడ్డు కాదు. పక్కాయన్ని అడిగితే, “ఇది చాయ్ హోటల్ సార్, వెజ్ హోటల్ గాదు” అని సరిదిద్దాడు. వెజ్ హోటల్ ఎక్కడుందంటే నాలుగు వీధుల అవతల పెద్ద హోటల్ పేరు చెప్పాడు. ఆయన అక్కడ ఎప్పుడూ తినలేదట.

హైదరాబాదు బస్సుకు ఇంకా వ్యవధి ఉండడంతో అంకాపూర్ వైపు నడిచాను. రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చే బండ్లు వరుసగా ఉన్నాయి. అంకాపూర్ పేరు కోడితో మోగుతుంది గానీ, ఈ రోడ్డున ఎక్కువ మంది ఆపి తినేది కంకులే అనిపించింది. కార్లు దిగి కంకి కొరుకుతూ, కోడి పార్సిల్ తయారయ్యేదాకా నిలబడ్డవాళ్లు కనిపించారు.

బండ్లు దాటాక ఒక అవ్వ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కొడుతోంది. పక్కన సత్తు గిన్నెలో వంకాయ కూర. పిండి తెల్లగా ఉంది. ఇక్కడ పండేవి ఎర్ర జొన్నలు కదా, వాటితో చెయ్యవా అవ్వా అన్నాను.

“అయ్యి తింటానికి గావు బిడ్డా. ఇత్తనాలకు పోతయి. మీది దేశాల పసులకు గడ్డి పెంచుతరట. మేం తెల్లజొన్నలు కొనుక్కుంటం.”

ఆ మాట నేను ముందే విని ఉన్నాను. ఇక్కడి ఎర్ర జొన్న విత్తన వ్యాపారుల చేతుల మీదుగా ఉత్తరాదికి పశుగ్రాసం విత్తనంగా వెళ్తుంది. చుట్టూ జొన్న చేలు పెట్టుకుని కొట్లో జొన్నపిండి కొనడం అవ్వకు వింతగా లేదు. వంకాయలో పసుపు ఏదని అడగడం అప్పటికే నాకు అలవాటుగా మారింది. కొడుకు ఎకరం పసుపు పెడతాడని చెప్పింది. ఇంట్లోకి గోళా దంచుకుంటారట. ఆ పసుపే బండి మీదికీ తెస్తావా అంటే నవ్వింది. “ఇంటిది ఇంటికే. ఈడికి దుకాణంల కొంట. ఇంత మందికి ఇంటిది ఏం సరిపోతది?”

రొట్టె మందంగా, అంచు కాస్త మాడి, మధ్యలో మెత్తగా ఉంది. వంకాయ కారం ముక్కులోంచి నీళ్లు తెప్పించింది. ఈ రెండు ఊళ్లలో తిన్నవాటిలో ఇదే మేలని నా తీర్పు. పచ్చిపులుసుది రెండో స్థానం. రెండో రొట్టె సగంలో ఉండగా అవ్వ మనవడు సైకిలు మీద వచ్చి నల్ల సంచి దించాడు. అవ్వ దాన్ని పొయ్యి వెనక పెట్టింది.

“ఇయ్యాల బుధారం బిడ్డా. మాపటికి కోడి వండుత. నువ్వు తినవు గదా, జల్ది తిను. గిన్నె ఇదే కడిగి పెట్టాలె.”

నాలుగు రొట్టెలు, కూర కలిపి తొంభై అయింది. వందకు చిల్లర లేదంది. ఇంకో రొట్టె కాల్చి పేపర్లో చుట్టి ఇచ్చింది.